పటంలో లేని దేశం, పారిస్‌లో ఒక గది

1840 డిసెంబరు 22న పారిస్‌లోని కొలేజ్ ద ఫ్రాన్స్‌లో ఒక పోలిష్ కవి ఉపన్యాసానికి నిలబడ్డారు. ఆయన పేరు ఆడం మిత్స్కేవిచ్. ఇంకో రెండు రోజులు గడిస్తే నలభై రెండేళ్లు నిండుతాయి. ఆరేళ్ల కిందట ఆయన మహాకావ్యం ‘పాన్ తదేయుష్’ ఆ నగరంలోనే అచ్చయింది. కానీ దాన్ని మూలంలో చదవగల ఫ్రెంచివాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టాల్సిందే. ఆ రోజు ఆయన మాట్లాడింది ఫ్రెంచిలో. తాను పరదేశినని, తన ఆలోచనలు పుట్టే భాష వేరు, నోటితో పలకాల్సిన భాష వేరు అని మొదట్లోనే తన ఇబ్బంది చెప్పుకున్నారు. రాసుకొచ్చినది చదవడం ఆయనకు అలవాటు లేదు. మాట తడుముకుంటూనే, అక్కడికక్కడ వాక్యం కూర్చుకుంటూ చెప్పేవారు. ఆయన చెప్పింది చెప్పినట్టు సంక్షిప్తలిపిలో రాసుకున్నవారు ఉండబట్టి ఆ ఉపన్యాసాలు ఇవాళ మన చేతికి అందుతున్నాయి. ఇప్పుడు పోలండ్ కళలు, చరిత్ర, విజ్ఞానం గురించి ఎన్నో దేశాల్లో బహిరంగ ఉపన్యాసాలు జరుగుతున్నాయి. వాటి వెనక రాయబార కార్యాలయాలు, సాంస్కృతిక సంస్థలు ఉంటాయి. అందుకే అవి ప్రభుత్వం చేసుకునే ప్రచారంలా కనిపిస్తాయి. ఈ ఆనవాయితీ బలపడిన కాలంలో మాత్రం పోలండ్‌కు ప్రభుత్వమే లేదు. ఆ ఉపన్యాసాలకు విలువ సొంత గొప్ప చాటుకోవడం వల్ల రాలేదు, పరాయి శ్రోతను న్యాయమూర్తిగా ఒప్పుకుని అతని ముందు నిలబడడం వల్ల వచ్చిందని నేను నమ్ముతున్నాను. మిత్స్కేవిచ్ నాలుగేళ్ల ఉపన్యాసాలు అందుకు సాక్ష్యం. అవి ఎక్కడ నిలిచాయో, ఎక్కడ జారిపోయాయో రెండూ చూడాలి.

1772, 1793, 1795 సంవత్సరాల్లో రష్యా, ప్రష్యా, ఆస్ట్రియా పోలండ్‌ను మూడు విడతలుగా పంచుకున్నాయి. 1918 దాకా, అంటే 123 ఏళ్లు, యూరప్ పటంలో ఆ పేరుతో స్వతంత్ర రాజ్యం లేదు. 1830 నవంబరులో వార్సాలో మొదలైన తిరుగుబాటును మరుసటి ఏడు రష్యా అణచివేసింది. ఆ వెంటనే వార్సా విశ్వవిద్యాలయం మూతపడింది. మిత్స్కేవిచ్ చదువుకున్న విల్నియస్ విశ్వవిద్యాలయాన్ని 1832లో మూసేశారు. ఆయన అంతకుముందే, 1823లో, విద్యార్థి సంఘాల కేసులో అరెస్టయి రష్యాకు ప్రవాసం వెళ్లిన మనిషి. తిరుగుబాటు ఓడాక వేల మంది సైనికులు, కవులు, రాజకీయ నాయకులు పడమటికి తరలిపోయారు, వారిలో ఎక్కువమంది చేరింది ఫ్రాన్సుకు. 1838లో పారిస్‌లో పోలిష్ గ్రంథాలయం వెలిసింది. ఇంట్లో గొంతెత్తితే జైలు, పరాయి ఊళ్లో గొంతెత్తితే వినేవాళ్లు. ఆ ఉపన్యాసాలు వేడుక కోసం పుట్టలేదు. సొంత గడ్డ మీద తరగతి గదులకు తాళాలు పడడం వల్ల పుట్టాయి.

పారిస్‌లో దొరికిన గది కూడా మామూలు గది కాదు. కొలేజ్ ద ఫ్రాన్స్ 1530లో మొదలైన సంస్థ. అక్కడ పట్టాలివ్వరు, పరీక్షలుండవు, రుసుము తీసుకోరు. తలుపు తోసుకుని ఎవరైనా వచ్చి కూర్చోవచ్చు. స్లావిక్ భాషాసాహిత్యాల పీఠాన్ని 1840లో అక్కడ ఏర్పాటు చేయించింది విద్యామంత్రి విక్తోర్ కుజాన్. లోజాన్‌లో లాటిన్ సాహిత్యం బోధిస్తున్న మిత్స్కేవిచ్‌ను పిలిపించారు. మంగళ, శుక్రవారాల్లో ఉపన్యాసం. ముందు వరసల్లో ఇల్లూవాకిలీ పోగొట్టుకున్న పోలిష్ ప్రవాసులుండేవారు. వారితోపాటు ఫ్రెంచి రచయిత్రి జార్జ్ సాండ్ వచ్చేవారు, సంగీతకారుడు షోపాన్ వచ్చేవారు. వక్త ఒక్క వాక్యంతో ఇద్దరికి జవాబు చెప్పాలి. తన కన్నీళ్లను ఎవరైనా పలకాలని ఎదురుచూసే స్వదేశీయుడు ఒకవైపు, పోలండ్ ఎక్కడుందో తెలియని పారిస్ పౌరుడు ఇంకోవైపు.

మొదటి రెండేళ్లలో మిత్స్కేవిచ్ ఎంచుకున్న దారి నన్ను ఇప్పటికీ ఆశ్చర్యపరుస్తుంది. పోలండ్ గురించే మాట్లాడమని ప్రవాసుల కోరిక. ఆయన మాత్రం సెర్బుల వీరగాథలు చెప్పారు, చెక్‌ల చరిత్ర చెప్పారు, రష్యన్ సాహిత్యం చెప్పారు. రష్యాలో ఉన్న రోజుల్లో స్నేహం చేసిన పుష్కిన్‌ను అందరి ముందూ మెచ్చుకున్నారు. జారు సైన్యం చేతిలో ఊళ్లు కోల్పోయి వచ్చినవాళ్లు కూర్చున్న గదిలో రష్యన్ కవిని పొగడడానికి ధైర్యం కావాలి. ప్రవాసుల్లో చాలామందికి మింగుడు పడలేదు, గొణుక్కున్నారు. నా దృష్టిలో ఆ ఉపన్యాసాలకు వెన్నెముక అదే. కాకిపిల్ల కాకికి ముద్దు అన్నది ఊరి బయటివాడికి రుజువు కాదు. పోలిష్ సాహిత్యాన్ని ఇరుగుపొరుగు సాహిత్యాల నడుమ నిలబెట్టి, పక్కవాడి మంచిని మంచిగా ఒప్పుకున్నాక, తనవారి గురించి చెప్పే మాటకు శ్రోత చెవి ఒగ్గుతాడు.

ఇక్కడ ఒక అభ్యంతరం ఉంది. ఆ పీఠం పెట్టింది ఫ్రెంచి ప్రభుత్వం, దానికి దాని లెక్కలుంటాయి. ఆతిథ్యమిచ్చినవాడి అవసరానికే అతిథి గొంతు కదా అని అనవచ్చు. లెక్కలు లేవని నేననను. కానీ పెట్టినవాడి ఉద్దేశం ఏదైనా, చెప్పినవాడి మాట దానికి లొంగిందా అన్నదే చూడాలి. లొంగలేదు. చివరికి ఆ ప్రభుత్వమే ఆయన్ను ఆపాల్సి వచ్చింది.

ఎందుకు ఆపిందన్నది నా వాదానికి రెండో సాక్ష్యం. 1841 వేసవిలో ఆంద్రేయ్ తొవియాన్‌స్కి అనే ఆధ్యాత్మిక గురువు పారిస్‌లో మిత్స్కేవిచ్‌ను కలిశాడు. మతి చెదిరిన కవి భార్య సెలీనా అతని సాంగత్యంలో కుదుటపడ్డారు. కవి అతనికి శిష్యుడైపోయారు. అది అర్థం చేసుకోలేని బలహీనత కాదు, భార్య కోలుకుంటే ఏ మనిషైనా దణ్ణం పెడతాడు. కానీ దాని నీడ వేదిక మీద పడింది. మూడో ఏడు, నాలుగో ఏడు వచ్చేసరికి పోలండ్ బాధ ప్రపంచ విముక్తి కోసం భగవంతుడు నిర్ణయించిన త్యాగమైపోయింది, నెపోలియన్ దైవకార్యం చేసిన పురుషుడైపోయాడు. 1844 మే 28న జరిగిన చివరి ఉపన్యాసంలో నెపోలియన్ బొమ్మ అచ్చువేసిన కాగితాలు శ్రోతలకు పంచారు. అక్కడితో ఉపన్యాసాలు ఆగిపోయాయి. తర్వాత 1852లో అక్కడి తోటి ఆచార్యులు మిష్లే, ఎద్గార్ కినేలతో పాటు ఆయన్నూ అధికారికంగా పదవినుంచి తప్పించారు.

ఆ చివరి రెండేళ్లను వెనకేసుకొచ్చే పండితులు తక్కువేమీ లేరు, వారి మాటలో పస ఉంది. 1843 ఏప్రిల్ 4న స్లావిక్ నాటకం గురించి ఆయన చేసిన ఉపన్యాసం తరవాతి తరాల పోలిష్ రంగస్థలానికి దారి చూపింది. అమెరికన్ రచయిత ఎమర్సన్‌ను ఫ్రెంచి శ్రోతలకు పరిచయం చేసిన తొలి గొంతుల్లో ఆయనది ఒకటి. మిష్లే, కినే వంటి తోటి ఆచార్యులు ఆయన్ను గౌరవించారు. ప్రతిభ తగ్గిందని కాదు నేననేది. మారింది వక్తకూ శ్రోతకూ ఉన్న సంబంధం. మొదట్లో శ్రోత న్యాయమూర్తి, చెప్పిన మాట నచ్చకపోతే లేచి వెళ్లిపోయే హక్కున్నవాడు. చివరికొచ్చేసరికి అతను దీక్ష పుచ్చుకోవాల్సిన భక్తుడయ్యాడు. తన జాతి బాధే లోకానికి మోక్షమార్గం అన్నాక ఇక వాదానికి చోటుండదు, పక్కవాడి బాధకూ చోటుండదు.

ఇంతకన్నా గట్టి అభ్యంతరం మరొకటి. ఈ మాటలన్నీ పోలండ్‌కు ఏం సాధించి పెట్టాయి? 1863 తిరుగుబాటు కూడా రక్తంలో మునిగింది. 1918లో స్వాతంత్ర్యం వచ్చిందంటే మూడు సామ్రాజ్యాలు యుద్ధంలో కూలబట్టే కదా? నిజమే, ఉపన్యాసం కోటలు కూల్చదు. కానీ సామ్రాజ్యాలు కూలిన రోజున ఎవరి పేరు పిలవాలో లోకానికి గుర్తుండాలి. మొదటి ప్రపంచయుద్ధ కాలంలో పియానో విద్వాంసుడు ఇగ్నసీ పదెరెవ్‌స్కి అమెరికా అంతా తిరిగి మూడు వందలకు పైగా ప్రసంగాలు చేశారు. తన దేశం గురించి మాట్లాడేవారు, షోపాన్‌ను వాయించేవారు. సంగీతం కోసం వచ్చినవాళ్లు చరిత్ర విని ఇంటికి వెళ్లేవారు. 1918 జనవరి 8న అధ్యక్షుడు విల్సన్ ప్రకటించిన పద్నాలుగు అంశాల్లో పదమూడోది స్వతంత్ర పోలండ్. ఆ అంశం ఒక్క మనిషి మాటతో వచ్చిందనడం అతిశయోక్తే. ఆ మాటలు లేకపోయినా వచ్చేదనడానికి కూడా నా దగ్గర ఆధారం లేదు. మరుసటి ఏడు పదెరెవ్‌స్కి ఆ దేశానికి ప్రధానమంత్రి అయ్యారు.

గదికి తాళం పడడం, పరాయి ఊళ్లో మరో గది తెరుచుకోవడం ఆ తర్వాతా ఆగలేదు. 1939 నవంబరు 6న క్రాకోలోని యాగెలోనియన్ విశ్వవిద్యాలయ ఆచార్యులకు కబురొచ్చింది. జర్మన్ అధికారి ఒకరు విద్యావిధానం మీద ఉపన్యాసం ఇస్తారు, రమ్మన్నారు. ఆచార్యులు హాల్లో కూర్చున్నారు. వేదికెక్కిన అధికారి బ్రూనో ముల్లర్ చెప్పింది అరెస్టు ఆజ్ఞ. 183 మందిని పట్టుకుపోయారు, చాలామందిని సాక్సెన్‌హౌజెన్ నిర్బంధ శిబిరానికి పంపారు. వారిలో కొందరు అక్కడే ప్రాణాలు విడిచారు. ఉపన్యాసం అనే మాటనే ఉచ్చుగా వాడిన ఘటన అది. 1942 మేలో న్యూయార్క్‌లో ప్రవాస పండితులు పోలిష్ కళల, శాస్త్రాల సంస్థను స్థాపించారు. దాని మొదటి అధ్యక్షుడు మానవశాస్త్రవేత్త బ్రోనిస్లావ్ మాలినోవ్‌స్కి. ఆ నెలలోనే ఆయన కన్నుమూశారు, సంస్థ మాత్రం నిలిచింది. ఇటు మన దిక్కున, మద్రాసులో 1944లో పోలిష్ రచయిత్రి వాండా దినోవ్‌స్కా, మారిస్ ఫ్రిడ్‌మన్‌తో కలిసి పోలిష్–ఇండియన్ గ్రంథమాల మొదలుపెట్టారు. అదే అవసరం, ఇక్కడ పుస్తకం రూపంలో.

ఇప్పుడు పోలండ్ స్వతంత్ర దేశం, వేదికలకు కొదవలేదు. సౌకర్యం పెరిగాక పొగడ్త సులువవుతుంది. కోపర్నికస్, షోపాన్, మేరీ క్యూరీ పేర్లు వరసగా చదివితే చప్పట్లు పడతాయి. ఆ గొప్ప అబద్ధం కాదు, కానీ ఆ పేర్లు పూర్తిగా ఎవరివి? మిత్స్కేవిచ్ పుట్టిన నోవోగ్రుదెక్ ప్రాంతం ఇవాళ బెలారస్‌లో ఉంది, ఆయన తన మాతృభూమి అని పిలుచుకున్నది లిథువేనియాను, రాసింది పోలిష్‌లో. ఈ చిక్కును దాచే ఉపన్యాసం దుప్పటి కప్పే పని చేస్తుంది, విప్పి చూపే ఉపన్యాసం మిత్స్కేవిచ్ తొలి రెండేళ్ల దారిలో నడుస్తుంది. నిర్వాహకులు వక్తను పిలిచే ముందు ఆ రెండేళ్ల పాఠాలు ఒకసారి తిరగేయాలని నా మనవి. నెపోలియన్ బొమ్మలున్న కాగితాల్ని ఇప్పుడు చరిత్రకారులు తప్ప ఎవరూ తలచుకోరు. ఫ్రాన్సు ఉన్నత విద్యలో స్లావిక్ సాహిత్యాల బోధన మాత్రం 1840 డిసెంబరు 22నాటి ఆ తడబడిన ఫ్రెంచితో మొదలైంది.