గొలుసురంపపు పంటి పుట్టుపూర్వోత్తరాలు

గొలుసురంపము పుట్టుక చెప్పువారందఱును వైద్యశాలనుండియే కథ నారంభింతురు. 18వ శతాబ్ది కడపటి దశకములలో స్కాట్లండు వైద్యులగు జాన్ ఎయిట్కెన్, జేమ్స్ జెఫ్రీలు ఎముకను గోయుటకై చేతులతో లాగెడి సన్నని పండ్లగొలుసును వాడిరి. 1830 ప్రాంతమున జర్మనీలోని వూర్ట్స్‌బర్గు నగరమున బెర్న్‌హార్డ్ హైనె యనునతడు, పిడి త్రిప్పినంతనే పలకచుట్టును పండ్లగొలుసు తిరిగెడి యెముకరంపమును నిర్మించెను. ఇదంతయు సత్యమే. కాని అడవిలో మానును గూల్చు గొలుసునకును, ఇంటి పెరటిలో దాని పండ్లకు ఆకురాయి పట్టు నలవాటునకును ఆ శస్త్రము దూరపు చుట్టమే గాని తాత గాదని నా తలంపు. ఈ పనిముట్టు వంశావళిని యంత్రమునుబట్టి గాక పంటినిబట్టి వ్రాయవలయును.

యంత్రముమాట రెండు ముక్కలలో ముగియును. 1926లో స్టుట్‌గార్టు నగరమున ఆండ్రియాస్ స్టీల్ విద్యుత్తుతో నడచు గొలుసురంపమును రూపొందించెను. మరుసటియేట ఎమిల్ లెర్ప్ తురింగియా ప్రాంతపు డోల్మార్ కొండమీద పెట్రోలురంపమును పరీక్షించి, ఆ కొండపేరునే దానికి పెట్టెను. శక్తి క్రొత్తదయ్యెను గాని పండ్లుమాత్రము పాతవే. ఇద్దఱు చెరియొకప్రక్క పట్టి లాగెడి అడ్డకోత రంపమున కొన్ని పండ్లు కొయ్యనారను ఇరుప్రక్కల కత్తిరించుచుండ, వానికంటె ఇంచుక పొట్టివైన మఱికొన్ని పండ్లు తెగిన నారను గోకి వెలికి దీయును. ఆ యమరికనే తొలిగొలుసుల కెక్కించిరి. కత్తిరించు పంటికొక తీరు, గోకు పంటికొక తీరు పదును పెట్టవలసియుండుటచే అది పెద్ద విద్య. అమెరికా పశ్చిమతీరపు అడవులలో కట్టెకోతవారి బిడారములందు రంపములకు పదును పెట్టువానికి వేఱుగ నొక గుడిసెయు, మంచి కూలియు, మన్ననయు నుండెడివి. మోటారు వచ్చి గొలుసును వేగముగ త్రిప్పగా పండ్లు నంతే వేగముగ మొద్దువాఱ జొచ్చెను.

1946లో ఆరెగన్ రాష్ట్రమున జోసెఫ్ బుఫోర్డ్ కాక్స్ అను కట్టెకోతపనివాడు ఒక చెట్టు మోడులో, చూపుడువ్రేలంత లావుగల పెంకుపురుగు డింభకమొకటి నారవెంబడిగాను, నారకడ్డముగాను సమానముగ కొయ్యను దొలుచుకొనిపోవుట గాంచెను. ఆ పురుగు కొయ్యను గోకుట లేదు. కుడియెడమలకు వంగియున్న రెండు దవడలతో ఇటునటు కొఱికి తీయుచున్నది. కాక్స్ ఆ దవడల యాకృతిని ఉక్కులో దింపి, పోర్ట్‌లండులోని తన యింటి నేలమాళిగలో గొలుసులు చేయ మొదలిడి, 1947లో వ్యాపారమునకు దిగెను. ఒకటి కుడికి, ఒకటి యెడమకు వంగిన ఆ దంతము మూలతో నారను దెంచి, పైపలకతో చిత్రికవలె కొయ్యను లేపును.

కోతలోని వేగమునకై కాక్స్‌ను పలువురు స్మరింతురు. నేనైతే పంటిలోపలి గుండ్రని తొలుపునకై స్మరింతును. ఏలయన, ఆ తొలుపులో గుండ్రని ఆకురాయి నొక్కమాఱు త్రోసినచో పైయంచును, ప్రక్కయంచును ఏకకాలమున తీరును. బిడారపు గుడిసెలో ఏండ్ల తరబడి నేర్చిన విద్య ఇట్లు సామాన్యుని వసారాలోనికి వచ్చెను.

ఆకురాయి వ్యాసము గొలుసు ప్రమాణమునుబట్టి 4, 4.8 లేక 5.5 మిల్లీమీటర్లుండును. దాని లావులో అయిదవవంతు పైపలకకు మీదుగ నిలువవలయును. సాధారణముగ 30 డిగ్రీల వాలున, పంటి లోపలినుండి వెలుపలికి, ముందుకు మాత్రమే త్రోసి, వెనుకకు తెచ్చునపుడు ఎత్తిపట్టవలయును. ఒకప్రక్క పండ్లన్నియు ముగిసిన పిదప రెండవప్రక్క కేగి, అన్నిటిని సమానమగు పొడవున నుంచవలయును. లేనిచో కోత వంకరపోవును. పైపలకమీద పలుచని క్రోమియపు పూత కలదు. నిజమైన వాదర దానిదే. రాయి తగిలి ఆ పూత పెచ్చులూడినచో, చెడని పూత అంచునకు వచ్చుదాక అరగదీయక తప్పదు. తిరుగుడు సానతో ఒత్తిపట్టువారి పంటియంచు కాలి నీలమెక్కి, ఉక్కు పాకము చెడును. కావున చేతి ఆకురాయియే మేలందును.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్టణమున లెక్కకు మిక్కిలిగ చెట్లను గూల్చినపుడు దారులు తెఱచినది ఈ రంపములే. నేలబడిన మానును గోయునపుడు గొలుసు మన్ను తాకు ప్రమాదము మెండు. ఇసుకలో ఒక్కక్షణము తిరిగినను పదును పోయినట్లే. అంతదాక రేకులుగా రాలిన కొయ్య మెత్తని పొట్టుగా మాఱుటయే దానికి గుర్తు.

ఇక పంటిముందరి బొడిపె, కోతలోతునకు కొలత. పైపలక వెనుకకు వాలియుండుటచే, పన్ను అరిగి కుఱుచయగుకొలది కోతయంచు క్రిందికి దిగును. బొడిపెమాత్రము ఉన్నయెత్తుననే నిలుచును. అప్పుడు పదునెంత యున్నను గొలుసు కొయ్యను పట్టదు. అందుచే కొన్నిమాఱులు పదును పెట్టిన పిమ్మట కొలతపలక నుంచి, చదునైన ఆకురాయితో బొడిపెను అంచుకంటె సుమారు 0.65 మిల్లీమీటర్లు పల్లమగునట్లు అరగదీసి, దాని ముందుకొనను మరల గుండ్రముగ తీర్చవలయును. అంతకు మించెనా, దంతము మితిమీఱి కొయ్యను కఱచి రంపము చేతులలో ఎగిరిపడును.