ఊళ్లోకి వచ్చిన మనోవైద్యం

డిప్రెషన్‌ను ఊళ్లోనే ఉచితంగా గుర్తించే పద్ధతికి మూలాలు రాయలసీమ పొరుగునే ఉన్నాయి. 1980ల్లో మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్ బళ్లారి జిల్లాలో ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల డాక్టర్లకు, ఆరోగ్య కార్యకర్తలకు శిక్షణ ఇచ్చింది. 1982లో మొదలైన జాతీయ మానసిక ఆరోగ్య కార్యక్రమానికి ఆ ప్రయోగమే జిల్లా నమూనా చూపింది. 1996లో జిల్లా కార్యక్రమం ఆరంభమైనప్పుడు, తొలి జిల్లాల్లో మెదక్ ఒకటి.

అయితే రోగి వచ్చేదాకా ఎదురుచూసే అలవాటు వెంటనే పోలేదు. అసలు మార్పు పశ్చిమ గోదావరిలో కనిపించింది. 2014 తర్వాత జార్జ్ ఇన్‌స్టిట్యూట్ అనే ఆరోగ్య పరిశోధన సంస్థ ప్రాజెక్టులో ఆశా కార్యకర్తలు ట్యాబ్ పట్టుకుని ఇంటింటికీ వెళ్లారు. గత రెండు వారాల్లో నిద్ర, ఆకలి, దిగులు ఎలా ఉన్నాయో 9 ప్రశ్నలు అడిగేవారు. మొత్తం 27 మార్కుల్లో 10 లేదా అంతకు మించి వస్తే సాధారణంగా డాక్టరు చూడాలి. మార్కులే రోగనిర్ధారణ కావు. 30 గిరిజన గ్రామాల్లో 5,007 మందిని పరీక్షిస్తే 238 మందికి సాయం అవసరమని తేలింది. వారిలో వైద్యం పొందేవారు 0.8 శాతం నుంచి 12.6 శాతానికి పెరిగారు. తక్కువే, కానీ చిన్న మార్పేమీ కాదు.

రాయలసీమలో 2022 ఏప్రిల్‌లో నంద్యాల జిల్లా ఏర్పడింది. అదే ఏడాది అక్టోబరులో మానసిక ఆరోగ్య సలహాల కోసం ఉచిత టెలిమానస్ నంబరు 14416 మొదలై, ఆ జిల్లాలోని ఆళ్లగడ్డ, కొత్తపల్లె వంటి చోట్లకూ ఫోనులోనే సలహా అందుబాటులోకి వచ్చింది.