"వేడి పానీయాలు": మోర్మోనుల జ్ఞానవాక్యముపై ఒక చారిత్రక పరిశీలన

మూడేళ్ల క్రితం తాడేపల్లిగూడెం నుండి ఏలూరు మీదుగా కొల్లేటి లంకలలో ఒక జ్ఞాపకార్థ కూడికకు వెళ్లాను. ప్రార్థన ముగిశాక టీ ఇచ్చారు. హైదరాబాదులో ఉద్యోగం చేస్తూ మోర్మోనుల సంఘంలో చేరిన ఆ యింటి మనవడు గ్లాసు ముట్టలేదు. "మా టీ కూడా పాపమేనా అయ్యగారూ?" అని అతని నాయనమ్మ నన్నడిగింది. కొలస్సయులకు వ్రాసిన పత్రిక రెండవ అధ్యాయం చూపించి వచ్చేశాను గాని, ఆ జవాబు నాకే తృప్తినివ్వలేదు. ఆ నియమం ఎలా పుట్టిందో తెలియకుండానే దాన్ని ఖండించాను.

1833 ఫిబ్రవరి 27న ఒహాయో రాష్ట్రంలోని కర్ట్‌లాండ్‌లో జోసెఫ్ స్మిత్ తనకు కలిగినదని చెప్పిన ప్రకటనే జ్ఞానవాక్యము. 'సిద్ధాంతము మరియు నిబంధనలు' గ్రంథంలో ఇది 89వ ప్రకరణం. ప్రవక్తల పాఠశాలలోని పొగాకు పొగ, ఉమ్ములు దీనికి ప్రేరణ అని బ్రిగమ్ యంగ్ తరువాతి కాలంలో జ్ఞాపకం చేసుకున్నాడు. 1826లో బోస్టనులో మొదలైన మద్యనిగ్రహ ఉద్యమం అప్పటికే ఆ దేశంలో బలంగా ఉంది. (అదే కాలంలో మన తీరంలో నందన కరువు. గుంటూరు సీమలో గంజి లేక జనం రాలిపోయారు. ఏది త్రాగాలో ఎంచుకోవడానికీ కొంత కలిమి కావాలి.)

ఇది ఆజ్ఞగా గాక హితవుగా ఇవ్వబడినదని ప్రకరణం ఆరంభంలోనే ఉంది. మద్యం, పొగాకు వద్దంటుంది. సంస్కారంలో ద్రాక్షారసానికి మినహాయింపు ఉంది, అదీ తాము చేసుకున్నదైతేనే. టీ, కాఫీల పేర్లు లేవు. "వేడి పానీయాలు" అని మాత్రమే ఉంది. అవి టీ కాఫీలేనని 1842లో నావూలో జోసెఫ్ అన్న హైరమ్ స్మిత్ వివరించాడు. ఆ వివరణే నిలిచింది.

ఇక్కడే తెలుగు పాఠకుడు తడబడతాడు. మనకు పొయ్యి మీది వేడి ఒకటి, ఒంటికి చేసే వేడి మరొకటి. ఆవకాయ చల్లగానే ఉంటుంది, వేడి చేస్తుంది. మోర్మోనుల వ్యాఖ్యానం ఈ రెండింటికీ లొంగదు. ఐసు వేసిన టీ నిషిద్ధం. మరిగే చారు నిషిద్ధం కాదు. పోనీ కెఫీనా అంటే, జ్ఞానవాక్యములో కెఫీను ప్రస్తావనే లేదని 2012లో ఆ సంఘమే స్పష్టం చేసింది. గ్రీన్ టీ కూడా టీయేనని 2019లో వారి యువజన పత్రిక వ్రాసింది. కనుక కారణం వేడీ కాదు, కెఫీనూ కాదు. 1842లో చెప్పిన రెండు పేర్లే.

అదే ప్రకరణం మాంసాన్ని మితంగా, చలికాలంలోనో కరువులోనో తినమంటుంది. జంతువులను, పక్షులను పేర్కొంటుంది గాని చేపల మాట ఎత్తదు. కొల్లేటి కొర్రమీనుకు ఏ ఇబ్బందీ లేదు! అయితే ఈ మాంసపు హితవు ఎవరికీ ప్రవేశ పరీక్ష కాలేదు. 1861 తరువాత దక్షిణ యూటాలో స్థిరపడిన మోర్మోనులు ద్రాక్షసారా తయారుచేశారు కూడా. 1906లో నాయకులు సంస్కారంలో ద్రాక్షారసం మాని నీళ్లు వాడసాగారు. 1921లో, హీబర్ గ్రాంట్ అధ్యక్షతన, జ్ఞానవాక్యమును పాటించడం దేవాలయ ప్రవేశానికి షరతు అయింది. హితవు షరతు కావడానికి 88 ఏళ్లు పట్టింది. అమెరికాలో మద్యనిషేధం 1920లో అమలులోకి వచ్చిందని మరువరాదు.

ఈ బోధ మన భాషలోకి పరాయివారి చేతుల మీదుగానే రాలేదు. 1978 చివర ఎడ్విన్, ఎల్సీ ధర్మరాజు దంపతులు సమోవా నుండి హైదరాబాదు వచ్చి ఇరవైమందికి పైగా, ముఖ్యంగా తమ బంధువులను, ఆ సంఘంలో చేర్చారు. మోర్మోను గ్రంథాన్ని తెలుగు చేసినది ఎల్సీ తండ్రి, ఒక బాప్టిస్టు బోధకుడు.

మన సంగతేమిటి? మన బల్ల మీది పులియని రసం కూడా 1869లో థామస్ వెల్చ్ అనే మెథడిస్టు దంతవైద్యుడు ప్రచారంలోకి తెచ్చిన పద్ధతే. తెలుగు బైబిలులో "ద్రాక్షారసము" అనే మాట పులిసినదానికీ వాడబడింది. కానా విందు చదివేటప్పుడు మన విశ్వాసులు ఏది ఊహించుకుంటున్నారో మనం అడగము. బాప్తిస్మ తరగతిలో కల్లు మానమని నేనూ అడుగుతాను, మానను అన్నవారిని మరుసటి ఏటికి ఆపాను. కల్లు ఎన్ని కాపురాలు కూల్చిందో చూసినవాడిని గనుక అందులో నాకు పశ్చాత్తాపం లేదు. కాని అది హితవా, షరతా అని ఆ తరగతిలో నేనెన్నడూ చెప్పలేదు.

గత క్రిస్మసుకు మళ్లీ ఆ లంకకు వెళ్లాను. నాయనమ్మ మనవడికి మజ్జిగ, నాకు టీ తెచ్చింది. ఈసారి ఆమె ఏమీ అడగలేదు. నేనే కూర్చుని హైరమ్ స్మిత్ సంగతీ, నా బాప్తిస్మ తరగతి సంగతీ ఇద్దరికీ చెప్పాను.