శాసనసభకు పూర్వవిద్యార్థులు

"మాజీ" అన్న మాట పుట్టుకతో తెలుగు కాదు. అరబీలో పుట్టి, పారసీక ఉర్దూల మీదుగా మన కచేరీ భాషలోకి నడిచి వచ్చింది. గడిచిపోయినది అని దాని మూలార్థం. "తాజా" అన్నది పారసీకం. ఈ రెండింటికీ ముడిపెట్టి మన పత్రికలవారు "తాజా మాజీ" అని ఒక సమాసాన్ని సృష్టించారు. నిన్నమొన్న పదవి పోగొట్టుకున్నవాడని భావం. విగ్రహవాక్యం చెప్పమంటే "తాజాయైన మాజీ" అని చెప్పి ఊరుకోవలసిందే. పండితులెవరూ ఇంతకంటె చమత్కారమైన మాటను కల్పించలేరని నా నమ్మకం.

తాజాదనం ఎంతోకాలం నిలవదు. ఏడాది తిరిగేసరికి ఆ మనిషి ఉత్త మాజీ. పదేళ్లకు ఫలానావారి తండ్రిగారో మామగారో అవుతాడు. ఇరవై ఏళ్లకు ఏ శిలాఫలకం మీదనో సగం చెరిగిన పేరు. గూడెం కొత్తవీధి ప్రాంతంలో చాలాకాలం తెలుగు చెప్పినవాడిని కనుక, కొండల్లో ఈ మరపు మరింత తొందరగా జరుగుతుందని చూశాను. బడిలో చదివి వెళ్లినవారికి పూర్వవిద్యార్థుల సంఘం ఉన్నట్టు, శాసనసభలో కూర్చుని వచ్చినవారికి కూడా ఒక సంఘం ఉంటే ఏమి చేయగలదు, ఏమి చేయకూడదు అన్నది ఈ వ్యాసంలో ఆలోచించదలచాను. ఇది కొత్త ఊహ కాదు. దీనికి చరిత్ర ఉంది.

అమెరికాలో 1970లో కాంగ్రెసు మాజీ సభ్యులు ఒక సంఘం పెట్టుకున్నారు. దానికి పూనుకున్నవారు ఇద్దరు. అర్కాన్సాస్‌కు చెందిన బ్రూక్స్ హేస్ డెమోక్రాట్, మిన్నెసోటాకు చెందిన వాల్టర్ జడ్ రిపబ్లికన్. ఈ హేస్ కథ తెలుసుకోదగినది. 1957లో లిటిల్ రాక్ పట్టణంలో నల్లజాతి పిల్లలను తెల్లవారి ఉన్నతపాఠశాలలో చేర్చుకునే విషయమై పెద్ద అలజడి చెలరేగినప్పుడు, గవర్నరుకూ దేశాధ్యక్షుడు ఐసెన్‌హోవర్‌కూ మధ్య సంధి కుదర్చడానికి ఆయన శ్రమించాడు. ఫలితంగా 1958 ఎన్నికలో, బ్యాలెట్టులో పేరైనా అచ్చుకాని ప్రత్యర్థి చేతిలో ఓడిపోయాడు. ఓటర్లు ఆ ప్రత్యర్థి పేరును బ్యాలెట్టులో తామే చేర్చి మరీ గెలిపించారు. జడ్ పూర్వాశ్రమంలో చైనాలో వైద్యం చేసిన మిషనరీ, 1962లో ఓడినవాడు. ఓటమిలో సమానులైన ఇద్దరు చెరొక పక్షం నుంచి వచ్చి ఒక బల్లముందు కూర్చోవడంతో ఆ సంఘం మొదలైంది. 1976 నుంచి ఒక పక్షపు మాజీని, రెండో పక్షపు మాజీని జంటగా కళాశాలలకు పంపి విద్యార్థులతో మాట్లాడిస్తున్నారు. 1983లో కాంగ్రెసు చట్టం చేసి దానికి గుర్తింపు ఇచ్చింది. అయినా ఆ సంఘం ప్రభుత్వ ధనం తీసుకోదు. కెనడావారు 1987లో తమ సంఘాన్ని స్థాపించుకొని, 1996లో పార్లమెంటు చట్టంతో స్థిరపరచుకున్నారు. ఏటా ఆ సంవత్సరంలో గతించిన సభ్యులను పేరుపేరునా స్మరించుకునే ఆచారం ఒకటి వారికుంది. మన ఇళ్లలో సంవత్సరీకం పెట్టినట్టు. ఈ ఒక్క ఆచారమూ నాకు మిగిలిన కార్యక్రమాలన్నిటికంటె విలువైనదిగా తోస్తుంది.

మన దేశంలో దీనికి దగ్గరగా వచ్చేది ఢిల్లీలోని కాన్‌స్టిట్యూషన్ క్లబ్బు. రాజ్యాంగ పరిషత్తు సభ్యుల కోసం 1947లో ఏర్పడింది. ఇప్పుడున్న సభ్యులకూ మాజీలకూ అందులో చోటుంది. 2025 ఆగస్టులో దాని కార్యదర్శి పదవికి రాజీవ్ ప్రతాప్ రూడీ, సంజీవ్ బాల్యాన్ పోటీపడ్డప్పుడు, ఒకే పార్టీ వారిద్దరి కోసం దేశం నలుమూలలనుంచీ మాజీలు ఓటు వేయడానికి తరలివచ్చారు. ఎన్నిక అన్న మాట వినపడితే మాజీ కాళ్లకు బలం వస్తుంది కాబోలు! అయితే క్లబ్బు క్లబ్బే. అక్కడ పరిచయాలు నిలుస్తాయిగాని జ్ఞాపకాలు గ్రంథస్థం కావు.

ఇక పింఛను సంగతి. మాజీల సంఘం అనగానే జనానికి ముందు తోచేది అదే కనుక తప్పించుకోలేను. పార్లమెంటు మాజీ సభ్యులకు పింఛను ఇచ్చే చట్టం 1976లో వచ్చింది. మొదట నెలకు 300 రూపాయలు. దీన్ని ప్రశ్నిస్తూ లోక్ ప్రహరి అన్న సంస్థ సుప్రీంకోర్టు దాకా వెళ్లగా, 2018 ఏప్రిల్‌లో ఆ కోర్టు పింఛను చెల్లుతుందని చెప్పింది. పంజాబులో ఎన్నిసార్లు గెలిచినా ఒకే పింఛను అని 2022లో చట్టం చేశారు. ఈ తగవులో ఎవరి పక్షానైనా న్యాయం ఉండవచ్చు. కాని పింఛను పెంపు కోసమే పుట్టిన సంఘం పింఛను పెరిగిన మరునాడే నిద్రపోతుంది.

ఇప్పుడు గూడెం కొండలకు వద్దాం.

ఈ మన్యం నుంచి చట్టసభకు మనిషి వెళ్లడం ఎంత ఆలస్యంగా జరిగిందో గుర్తుంచుకోవాలి. 1839 చట్టంతోనే విశాఖ, గంజాం కొండలు మామూలు పాలనకు వెలిగా ఏజెంటు చేతికి వెళ్లాయి. 1935 చట్టం ప్రకారం ఏర్పడిన మద్రాసు శాసనసభలో 215 స్థానాలుంటే, వెనుకబడిన ప్రాంతాలకూ తెగలకూ కలిపి కేటాయించింది ఒకే ఒక్కటి. రాజధానిలోని కొండజాతులందరి గొంతూ ఆ ఒక్క కుర్చీలో పట్టాలి.

అంతకు ముందు ఈ కొండల గొంతు వేరే విధంగా వినిపించింది. గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ రోడ్డు పనికి గిరిజనులచేత చేయించిన వెట్టి, పోడు మీద అటవీశాఖ నిర్బంధాలు, ముఠాదారుల హక్కుల కోత - ఇవన్నీ కలిసి 1922 ఆగస్టు 22న చింతపల్లి ఠాణా మీద దాడిగా పరిణమించాయి. అదే సంవత్సరం సెప్టెంబరు 24న, ఇప్పటి గూడెం కొత్తవీధి మండలంలోని దామనపల్లి కనుమలో స్కాట్ కవర్డ్, హేటర్ అన్న ఇద్దరు తెల్ల అధికారులు హతులయ్యారు. అల్లూరి సీతారామరాజు గురించి ఎంతైనా రాశారు, రాస్తున్నారు. నాకిక్కడ కావలసింది ఆయన అనుచరులలో ఒకరైన గాం మల్లుదొర. బత్తిపనుకుల మునసబుగా ఉండిన గాం గంటం దొర సోదరుడు. 1923 సెప్టెంబరులో పట్టుబడి, శిక్షపడి, జైలు జీవితం గడిపాడు. సీతారామరాజు 1924 మే 7న నేలకొరిగాడు. మరునెలలో గంటం దొర కూడా.

ఆ మల్లుదొర 1952లో విశాఖపట్నం లోక్‌సభ స్థానం నుంచి స్వతంత్ర అభ్యర్థిగా గెలిచాడు. అది ద్విసభ్య నియోజకవర్గం. సామాన్య స్థానానికి లంకా సుందరం, గిరిజన స్థానానికి మల్లుదొర. ఒకరు అంతర్జాతీయ వ్యవహారాలలో పేరున్న విద్వాంసుడు, మరొకరు పోలీసు ఠాణాల మీద దాడిచేసిన దళంలోని మనిషి. మొదటి లోక్‌సభలో ఈ ఇద్దరూ ఒకే నియోజకవర్గానికి ప్రతినిధులు! తన తరంవారు ఏ ప్రభుత్వ యంత్రాంగంతో తలపడ్డారో, ఆ యంత్రాంగాన్ని శాసించే సభలో ఆయన ఐదేళ్లు సభ్యుడు. 1957లో మాజీ అయ్యాడు. పైన చెప్పిన పింఛను చట్టానికి ఇంకా పంతొమ్మిదేళ్ల వ్యవధి ఉంది. విల్లంబుల కాలం నుంచి రాజ్యాంగం దాకా నడిచిన ఆ మనిషిని ఎదుట కూర్చోబెట్టుకుని, "దొరా, ఆ సభలో కూర్చుంటే మీకేమనిపించింది?" అని అడిగి రాసుకునే పని అప్పట్లో ఒక సంఘం బాధ్యతగా ఉండి ఉంటే, మన చరిత్రకు ఎంత లాభమయ్యేదో!

ఈ ప్రాంతపు మాజీలకు మరొక చిత్రమైన కష్టం ఉంది. వారి నియోజకవర్గాలే మాయమవుతుంటాయి. 1957లో గొలుగొండ అని ఒక లోక్‌సభ స్థానం ఉండేది. ద్విసభ్య నియోజకవర్గాలను రద్దుచేసిన 1961 చట్టం తరువాత ఆ పేరే లేదు. ఆపైన చాలాకాలం చింతపల్లి, పాడేరు వారు భద్రాచలం లోక్‌సభ స్థానంలో ఓటర్లు. మధ్యలో ఎన్ని కొండలు, ఎన్ని నదులు అడ్డమో భూపటం చూస్తే తెలుస్తుంది. 2009 ఎన్నికల నాటికి అరకు లోక్‌సభ స్థానం పుట్టింది, చింతపల్లి శాసనసభ స్థానం పోయింది. గూడెం కొత్తవీధి పాడేరులో కలిసింది. చింతపల్లి నుంచి 1994లోనూ 2004లోనూ గెలిచిన కమ్యూనిస్టు నాయకుడు గొడ్డేటి దేముడుగారు ఆ పేరుగల స్థానానికి చివరి శాసనసభ్యులు. 1989లో చింతపల్లి నుంచి గెలిచిన పసుపులేటి బాలరాజుగారు 2009లో పాడేరు నుంచి గెలిచి గిరిజన సంక్షేమ మంత్రి అయ్యారు. మొదటి దఫాలో, 1993లో, నక్సలైట్లు ఆయనను ఒక ఐ.ఏ.ఎస్. అధికారితో సహా అపహరించారు. మైదానంలో శాసనసభ్యత్వానికి ఇటువంటి మూల్యం చెల్లించినవారు అరుదు.

రాష్ట్రమంతటికీ చూసినా సభ అన్నది స్థిరంగా లేదు. 1958లో ఏర్పడిన శాసనమండలి 1985లో రద్దయి, 2007లో తిరిగి వచ్చింది. ఆ నడిమి కాలంలో మన రాష్ట్రంలో మండలి సభ్యుడంటే మాజీయే. 294 స్థానాల ఉమ్మడి శాసనసభ 2014లో 175గా, 119గా విడిపోయింది. బడే రెండైతే పూర్వవిద్యార్థి ఎవరి రిజిస్టరులో ఉండాలి?

ఇదంతా జ్ఞాపకాల ముచ్చట అనుకునేవారు ఉంటారు. వారికోసం ఒక ఉదాహరణ చెప్పాలి. రాజ్యాంగం అయిదవ షెడ్యూలు ప్రకారం షెడ్యూల్డు ప్రాంతాలున్న రాష్ట్రంలో గిరిజన సలహా మండలి ఉండాలి. 20 మందికి మించని ఆ మండలిలో ఇంచుమించు నాలుగింట మూడువంతులు శాసనసభలోని గిరిజన సభ్యులే. అంటే గూడెం వంటి చోటునుంచి వెళ్లిన సభ్యుడు ఓడిన రోజున సభతోపాటు ఈ మండలిలోనూ చోటు పోతుంది. అతడు నేర్చినది అతడితోనే ఇంటికి వస్తుంది.

షెడ్యూల్డు ప్రాంతపు బడులలో ఉపాధ్యాయ ఉద్యోగాలు స్థానిక గిరిజనులకే ఇవ్వాలని 1986లో 275వ నెంబరు జి.ఓ., దాని తరువాత 2000 జనవరిలో 3వ నెంబరు జి.ఓ. వచ్చాయి. మైదానం నుంచి వేసిన పంతులు కొండమీద నిలవకపోవడం, బడి తాళం పడి ఉండటం, పిల్లల భాష ఆయనకూ ఆయన భాష పిల్లలకూ తెలియకపోవడం - ఈ అనుభవాల్లోంచి పుట్టిన ఉత్తర్వులవి. నేను ఆ బడులను ఎరుగుదును. 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు నూటికి నూరుపాళ్ల రిజర్వేషను రాజ్యాంగ సమ్మతం కాదని ఆ 3వ జి.ఓ.ను కొట్టివేసింది. అప్పటికే చేరినవారి ఉద్యోగాలను షరతులతో కాపాడింది. న్యాయమీమాంస నా పని కాదు. కాని ఆ రెండు ఉత్తర్వుల నాడు సభలో ఉన్న మన్యం సభ్యులు 2020 నాటికి మాజీలు, లేదా దివంగతులు. ఏ గ్రామంలో ఏ బడి ఎన్నాళ్లు మూతబడి ఉంటే వారు ఆ ఉత్తర్వు కోరారో, ఆ సాక్ష్యం వారి నోళ్లలో ఉండిపోయింది. ముప్ఫై ఏళ్లుగా ఎవరైనా దాన్ని పోగుచేసి ఉంటే తీర్పు మారేదని నేననను. వాదనకు కొంత ఎముక పుష్టి మాత్రం వచ్చేది. ఇదే మండలంలోని జెర్రెల బాక్సైటు మాటా అంతే. 2015 నవంబరులో 97వ జి.ఓ. వచ్చింది, 2019లో రద్దయింది. రేపు మరొక ప్రభుత్వం మరొక నెంబరుతో వస్తే, గతంలో ఎవరు ఏ హామీ ఇచ్చారో తెలిసినవారు కావాలి కదా.

కనుక మన్యం మాజీల సంఘానికి మొదటి ఆస్తి భవనం కాదు, ఒక రిజిస్టరు. నేను పనిచేసిన ఒకానొక బడిలో పూర్వవిద్యార్థుల సంఘం మొదటి ఏడు అట్టహాసంగా జరిగి, రెండో ఏడు వేదికమీద ఎవరి కుర్చీ ఎక్కడ అన్న తగవుతో ముగిసింది. బడి అడ్మిషన్ రిజిస్టరు చూసి అందరి పేర్లూ రాసుకుని ఉంటే, రానివారి కోసమైనా మూడో ఏడు కలిసేవారు. అధ్యక్షుడు ఈ ఏడు ఒక పార్టీవారైతే వచ్చే ఏడు మరొకరు కావాలి. హేస్, జడ్‌ల మార్గం అదే. సమావేశం విశాఖలోని హోటలులో పెడితే కారున్న మాజీలే వస్తారు. చింతపల్లిలోనో కొత్తవీధిలోనో సంతరోజున పెడితే జనం వచ్చి నాలుగు మాటలు అడుగుతారు. పాత హామీలు గుర్తుచేస్తారు. అది కొంత ఇబ్బందే. ఆ ఇబ్బంది పడటానికి సిద్ధపడనివారికి సంఘమెందుకు?

రిజిస్టరులో చిక్కులు తప్పవు. అరకు శాసనసభ్యుడు కిడారి సర్వేశ్వరరావు, మాజీ శాసనసభ్యుడు సివేరి సోమ 2018 సెప్టెంబరు 23న డుంబ్రిగుడ మండలం లివిటిపుట్టు వద్ద మావోయిస్టుల చేతిలో ఒకే రోజు హతులయ్యారు. ఆ నవంబరులో సర్వేశ్వరరావు కుమారుడు శ్రవణ్‌కుమార్ మంత్రి అయ్యారు. ఆరు నెలల్లో ఏ సభకూ ఎన్నిక కానందున 2019 మేలో రాజీనామా చేశారు. మాజీ మంత్రే, మాజీ సభ్యుడు కాడు. చేర్చుకోవాలా? చేర్చుకోవాలనే నేనంటాను. బడి రిజిస్టరులో "విడిచి వెళ్లుటకు కారణం" అని ఒక గడి ఉంటుంది. ఇక్కడ కూడా ఆ గడి ఉంచాలి. మల్లుదొర వరసలో "ఐదేళ్ల గడువు ముగిసినది" అని, దేముడుగారి వరసలో "2009, నియోజకవర్గము లేదు" అని రాయవచ్చు. సోమ వరసలో మాత్రం రెండు తేదీలు పడతాయి. సభ విడిచినది 2014, లివిటిపుట్టు 2018.