నల్లరేగడిలో నీలం తొట్టి

డాలస్‌కి ఉత్తరాన మా అన్నయ్య పెరట్లో గొయ్యి తవ్వుతుంటే, నా కళ్లు ముందు మట్టి మీద పడ్డాయి. నల్లరేగడి. వానకి ఉబ్బి, ఎండకి బీటలిచ్చే మట్టి, ఒకప్పుడు పత్తి పండించిన మట్టి. ఇంత దూరం వచ్చి మళ్లీ ఈ మట్టి మీదే ఇళ్లు కట్టుకున్నామా అని నవ్వొచ్చింది.

అన్నయ్య కట్టుకుంటున్నది కిట్ స్విమ్మింగ్ పూల్. కాంట్రాక్టరు చెప్పిన రేటు విని, సామానంతా తనే తెప్పించుకున్నాడు. మూడున్నర అడుగుల ఎత్తు స్టీలు పలకలు, వాటిని వెనక నుంచి నిలబెట్టే ఊతలు, సంచుల కొద్దీ బోల్టులు, పంపు, ఇసుక ఫిల్టరు, మడతపెట్టిన నీలం వినైల్ షీటు. అన్నీ ఒకే లారీలో దిగాయి. తవ్వేముందు 811కి ఫోన్ చేస్తే వాళ్లొచ్చి గ్యాస్ పైపులూ కరెంటు తీగలూ ఎక్కడున్నాయో నేల మీద రంగుతో గుర్తులు వేసి వెళ్లారు.

పని చూడ్డానికి తేలిక. పలకలు బోల్టులతో బిగించి, మట్టం సరిచూసి, అడుగున చుట్టూ కాంక్రీటు పోస్తారు. నేల నునుపు చేసి షీటు వేలాడదీస్తారు. గోడకీ షీటుకీ మధ్యనున్న గాలిని వాక్యూమ్ క్లీనర్‌తో లాగేస్తే షీటు గోడకి అతుక్కుంటుంది. ఆ తర్వాతే అసలు కిటుకు. లోపల నీళ్లు నిండుతున్న కొద్దీ బయట మట్టి నింపుతూ పోవాలి. ఒకపక్క నీళ్లు నెడతాయి, ఇంకోపక్క మట్టి నెడుతుంది. ఆ రెండు బరువుల మధ్య సన్నటి రేకు నిలబడుతుంది.

ప్లాస్టిక్ కుర్చీలో కూచుని ఇదంతా చూస్తున్న పెద్దమ్మ, చూసి చూసి అడిగింది. "ఏరా, ఈ వీధిలో ఇంటికో తొట్టి ఉన్నట్టుందే. అందరూ కలిసి ఊరికంతటికీ ఒకటి తవ్వుకోకూడదా?"

అన్నయ్య నవ్వేశాడు. నాకు మాత్రం ఆ ప్రశ్న అలాగే ఉండిపోయింది. ఎందుకంటే వాళ్లు తవ్వుకున్నారు, అదీ చాలా పెద్దవి.

1936 వేసవిలో ఒక్క న్యూయార్క్ నగరమే 11 భారీ ఈతకొలనులు తెరిచింది. మహామాంద్యం రోజులవి. పనిలేని వాళ్లకి పని కల్పించడానికి ఫెడరల్ ప్రభుత్వం ఇచ్చిన డబ్బుతో దేశమంతా వందల కొలనులు లేచాయి. కొన్నిట్లో ఒకేసారి వేలమంది దిగొచ్చు. ఇసుక పరిచిన ఒడ్డులు, గడ్డి మైదానాలు. కూలి వాళ్ల పిల్లలకి అదే సముద్రం.

ఈ కొలనుల చరిత్రని జెఫ్ విల్ట్సీ 'కంటెస్టెడ్ వాటర్స్' (2007) అనే పుస్తకంలో రాశాడు. అందులో నన్ను ఆపేసిన సంగతి ఒకటుంది. అంతకుముందు, ఉత్తరాది నగరాల్లో మునిసిపల్ కొలనులు ఆడవాళ్లకీ మగవాళ్లకీ వేరువేరు. పేద తెల్లవాళ్లూ నల్లవాళ్లూ మాత్రం కలిసే దిగేవాళ్లు. ఆడామగా కలిసి ఈదడం 1920ల నుంచి మామూలయ్యింది. సరిగ్గా అప్పుడే రంగు గీత పడింది. తెల్ల ఆడపిల్లలు ఈత దుస్తుల్లో ఉన్న నీళ్లలోకి నల్ల మగవాడు దిగకూడదు. దానికి మురికి అనీ, రోగాలనీ పేరు పెట్టారు. మైల అన్నమాట. ఈ వాదన మనకి కొత్తగా వినిపించదు.

1949 జూన్ 21. సెయింట్ లూయిస్‌లోని ఫెయిర్‌గ్రౌండ్ పార్క్ కొలను మొదటిసారి నల్ల పిల్లల్ని రానిచ్చింది. ముప్ఫై నలభైమంది పిల్లలు దిగారు. బయట తెల్లవాళ్లు గుంపు కట్టారు. సాయంత్రానికి ఆ గుంపు వేలల్లోకి పెరిగింది, కనిపించిన నల్లవాళ్లనల్లా కొట్టారు. మేయర్ ఏం చేశాడు? అదే రోజు ఆ అనుమతిని రద్దు చేశాడు. మరుసటి ఏడాది కోర్టు ఆదేశంతో గేట్లు మళ్లీ అందరికీ తెరిచారు. ఈసారి గొడవ కాలేదు. తెల్లవాళ్లు రావడమే మానేశారు. 1956లో కొలను మూతపడింది.

అలబామాలోని మాంట్‌గోమరీ ఇంకో దారి పట్టింది. పార్కుల్లోకి అందరినీ రానివ్వాలని కోర్టు చెబితే, 1959 జనవరి 1 నుంచి పార్కులన్నిటికీ తాళం వేసింది. ఓక్ పార్క్ కొలనులో నీళ్లు తోడేసి మట్టితో పూడ్చేసింది. తెల్లపిల్లలకీ ఈత పోయింది. అయినా సరే అనుకున్నారు.

మిసిసిపీలోని జాక్సన్ నగరం కూడా అదే పని చేస్తే, వ్యవహారం సుప్రీంకోర్టుదాకా వెళ్లింది. 1971లో 'పామర్ వర్సెస్ థాంప్సన్' కేసులో అయిదుగురు ఒకవైపు, నలుగురు ఒకవైపు. నగరమే గెలిచింది. కొలను నల్లవాళ్లకీ మూసేశారు, తెల్లవాళ్లకీ మూసేశారు, ఇక వివక్ష ఎక్కడుంది అన్నది తీర్పు సారాంశం. ఈ తర్కం చదివాక కాసేపు పుస్తకం పక్కన పెట్టాల్సొచ్చింది.

మరి ఈత మీద సరదా ఎటుపోతుంది? పెరట్లోకి పోయింది. 1950లో అమెరికాలో సొంత కొలను ఉన్న ఇళ్లు దాదాపు 2,500 అని విల్ట్సీ లెక్క. 1999 నాటికి 40 లక్షలు దాటాయి.

అలాగని పెరడు తవ్విన ప్రతివాడూ నల్లవాళ్ల మీద ద్వేషంతోనే తవ్వాడంటే అబద్ధమవుతుంది. యుద్ధం తర్వాత శివార్లలో ఇళ్లు పెరిగాయి, చేతిలో డబ్బు ఆడింది, సామాను చవకయ్యింది. కాంక్రీటుని పైపుతో చిమ్మే గనైట్ పద్ధతి వచ్చాక ఏ ఆకారంలో కావాలంటే ఆ ఆకారంలో కొలను కట్టొచ్చు. ఆ సిమెంటు తుపాకీని తయారుచేసిన కార్ల్ ఎక్లీ వృత్తి చచ్చిన జంతువుల్ని బతికున్నట్టే మ్యూజియంలో నిలబెట్టడం! తర్వాత వినైల్ షీటూ రేకు పలకలూ వచ్చి, బోల్టు బిగించడం తెలిసిన మధ్యతరగతి మనిషికి కూడా కొలనుని అందించాయి. అయితే ఆ శివారు ఇళ్లు నల్లవాళ్లకి అమ్మేవాళ్లు కాదు, బ్యాంకులు వాళ్లకి అప్పులిచ్చేవి కాదు. పెరడే లేనివాడికి కిట్ ఎంత చవకైతే ఏం?

జాన్ చీవర్ 1964 నాటి కథ 'ద స్విమ్మర్' గుర్తొస్తోంది. ఒక పెద్దమనిషి వరసగా పొరుగువాళ్ల పెరటి కొలనుల్లో ఈదుకుంటూ ఇంటికి పోదామనుకుంటాడు. దారిలో ఒకే ఒక్క పబ్లిక్ కొలను తగులుతుంది. ఆ జనం, ఆ క్లోరిన్ వాసన అతను భరించలేడు. గుర్తింపు బిళ్ల లేదని అక్కడివాళ్లూ అతన్ని బయటికి పొమ్మంటారు. చివరికి ఇల్లు చేరేసరికి తాళం వేసుంటుంది, లోపల ఎవరూ ఉండరు.

ఇదంతా పాతకాలం అనుకోవడానికి లేదు. అన్నయ్య ఇంటికి కారులో ఎంతో దూరం లేని మెకిన్నీలో, 2015 జూన్‌లో ఒక కాలనీ కొలను దగ్గర పిల్లల పార్టీ గొడవగా మారింది. ఈత దుస్తుల్లో ఉన్న పదిహేనేళ్ల నల్లపిల్లని పోలీసు నేలకేసి అదిమిన వీడియో ప్రపంచమంతా చూసింది. ఇంకో లెక్క ఉంది, దానికి వీడియో ఉండదు. పది నుంచి పద్నాలుగేళ్ల మధ్య వయసులో, స్విమ్మింగ్ పూల్స్‌లో మునిగి చనిపోయే రేటు తెల్లపిల్లల కంటే నల్లపిల్లల్లో 7.6 రెట్లు ఎక్కువ అని అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ చెబుతోంది. తాతని దిగనివ్వకపోతే తండ్రికి ఈత రాదు, తండ్రికి రాకపోతే పిల్లకి నేర్పేవాళ్లుండరు.

సాయంత్రం ఇదంతా పెద్దమ్మకి నాకు తెలిసినంతలో చెప్పాను. ఆవిడ కొంచెంసేపు మాట్లాడలేదు. తర్వాత, "మన చెరువుకీ రేవులు వేరేగా ఉండేవి కదరా. మాల మాదిగలది అవతలి గట్టు," అంది. అదేదో చెరువు లోతు చెప్పినంత మామూలుగా.

మాది ప్రకాశం జిల్లా. 1985లో కారంచేడులో గొడవ మొదలైంది కూడా నీళ్ల దగ్గరే. దళితులు తాగే చెరువు దగ్గర గేదెల కుడితి బకెట్లు కడుగుతుంటే వద్దన్నారు, ఒక దళిత స్త్రీ ఎదురు తిరిగి బిందె ఎత్తింది. మర్నాడు, జూలై 17న, ఆరుగురు దళితుల్ని వెంటాడి చంపారు. మా ఇంట్లో ఆ సంగతి ఎవరూ ఎత్తరు. టెక్సస్ పెరట్లో అయినా ఎత్తుతానని నేనూ అనుకోలేదు. ఆ రాత్రి ఎత్తాను. అన్నయ్య లేచి పైపు సరిచేయడానికి వెళ్లాడు.

నీళ్లు నిండడానికి రెండు రోజులు పట్టింది. చట్టం ప్రకారం చుట్టూ కంచె కట్టాలి. చిన్నపిల్లలు పొరపాటున పడకుండా, నాలుగడుగుల ఎత్తుకి తగ్గకుండా, గేటు దానంతటదే మూసుకునేలా. అది అవసరమే, ప్రాణాలు కాపాడేది. అన్నయ్య గేటు గడియ బిగిస్తుంటే నేను స్క్రూలు అందించాను.

పెద్దమ్మ మెట్టు మీద కూచుని కాళ్లు నీళ్లలో పెట్టింది. కంచె అవతల పొరుగింటి పిల్లలు, మునివేళ్ల మీద నిలబడి చూస్తున్నారు. "వాళ్లని కూడా పిలవండ్రా," అంది.

అన్నయ్య నావైపు చూశాడు. నేను వెళ్లి గేటు తీశాను.