చిన్న లైను, మూడు ఊళ్లు

గద్వాలకు రైలు ఊళ్లోకే వచ్చింది. వనపర్తికి పేరు దక్కింది గానీ స్టేషను మదనాపురంలో పడింది. నాగర్‌కర్నూలుకు రెండూ దక్కలేదు. ఇరుగుపొరుగున ఉన్న ఈ మూడు పట్నాలు వందేళ్లలో మూడు దార్లు ఎందుకు పట్టాయని ఎవరైనా అడిగితే, నేను కోటల కథలు పక్కన పెట్టి పట్టాల కథే ఎత్తుకుంటాను. వనపర్తి రోడ్ స్టేషను గ్యాంగు క్వార్టర్లలో పెరిగినవాణ్ని. మా నాయిన గ్యాంగ్‌మన్. నేను కాలేజీలో చరిత్ర పాఠాలు చెప్పి రిటైరయ్యాను.

మా పాలమూరు, అంటే మహబూబ్‌నగర్ జిల్లా ఒంటిని రాసుకుంటూ రైలు పోవడం చాలా ముందే మొదలైంది. బొంబాయి నుంచి వచ్చిన లైను, మద్రాసు నుంచి వచ్చిన లైను 1871లో రాయచూరులో కలిశాయి. 1874లో వాడి నుంచి సికింద్రాబాదుకు నిజాం రైలు నడిచింది. అవి పెద్ద లైన్లు. మాకు వచ్చింది చిన్న లైను, మీటర్ గేజ్. మన్మాడ్ నుంచి గోదావరి లోయ మీదుగా హైదరాబాదుకు దిగిన మీటర్ గేజ్‌ను దక్షిణాది మీటర్ గేజ్‌తో కలపాలి. ఆ రెంటికీ మధ్య మిగిలిన జాగా పాలమూరు. కాచిగూడ స్టేషను భవనం 1916 నాటిది. మా లైనుకు అదే తలవాకిలి. అక్కడి నుంచి షాద్‌నగర్, జడ్చర్ల, మహబూబ్‌నగర్, దేవరకద్ర దాటి, కృష్ణా నది మీదుగా గద్వాల, ఆపైన తుంగభద్ర దాటి కర్నూలు, ద్రోణాచలం.

ఈ లైను మా పంటల కోసం వేసింది కాదు, ఎక్కడో ఉన్న రెండు కొసల్ని ముడేయడానికి వేసింది. అందుకే సంస్థానాధీశుల కోటలు ఎటున్నాయో చూసి వంకర తిరగలేదు. దేవరకద్ర నుంచి గద్వాలకు తిన్నగా గీత గీస్తే వనపర్తి తూర్పున ఉండిపోతుంది. రాజావారి ఊరి పేరు బోర్డుకెక్కింది, ఊరు మాత్రం ఇరవై కిలోమీటర్లకు అటూ ఇటూ దూరంలో నిలిచింది. మా చిన్నప్పుడు బండి దిగి అమాయకంగా "వనపర్తి ఎటు?" అని అడిగే కొత్తవాళ్లు ఎప్పుడూ ఉండేవాళ్లు. వాళ్ల మీదే మదనాపురంలో టీకొట్లు, బండివాళ్లు బతికేవాళ్లు.

గద్వాల సంగతి వేరు. అది నడిగడ్డ. ఒకవైపు కృష్ణ, ఇంకోవైపు తుంగభద్ర. బీచుపల్లి దగ్గర రోడ్డు బ్రిడ్జి రాకముందు వానాకాలంలో ఏరు దాటాలంటే పుట్టి ఎక్కాల్సిందే. నీళ్లు ఉధృతంగా ఉంటే పుట్టి నడిపేవాళ్లు ఒడ్డునే కూర్చునేవాళ్లు. రైలు వంతెన కట్టాక ఆ దీవి లాంటి నేలకు ఏడాది పొడుగునా తలుపు తెరుచుకుంది. పెళ్లి చీరలకు పేరుపడ్డ మగ్గాలకు ఇది పెద్ద ఊపు. గద్వాల చీరకు ఒళ్లు నూలు, అంచు, కొంగు పట్టు. పట్టు బెంగళూరు వైపు నుంచి, జరీ సూరత్ నుంచి రావాలి. తయారైన చీర హైదరాబాదు కొట్లకు పోవాలి. బరువు తక్కువ, విలువ ఎక్కువ ఉన్న సరుకు కాబట్టి ఒక మూటతోనే ఒక షావుకారి ఏడాది వ్యాపారం కదిలేది. తిరుమల బ్రహ్మోత్సవాలకు గద్వాల సంస్థానం తరఫున నేసి పంపే ఏరువాడ జోడు పంచెలు మీకు తెలిసే ఉంటాయి. ఇక్కడి మనుషులు కూడా స్వామి దర్శనానికి ఇదే లైను మీద వెంకటాద్రి ఎక్స్‌ప్రెస్ ఎక్కి పోయేవాళ్లు.

మెట్ట పంటకు వస్తే, ఈ నేలకు డబ్బు చూపించింది పల్లి. పల్లికాయ బస్తాలు ఎడ్లబండ్ల మీద వచ్చి స్టేషను ముందు బారులు తీరేవి. హమాలీ బస్తాకు కొక్కెం తగిలించి, వీపు వంచి, ఒక్క ఊపుతో మీదికెత్తుకునేవాడు. గూడ్సు షెడ్డు అరుగు నుంచి వ్యాగన్‌లోకి చెక్క పలక వాల్చి ఉండేది. పలక ఊగుతుంటే దాని ఊపుకు తగ్గట్టే అడుగు వేయాలి, లేదంటే మనిషీ బస్తా కలిసి కింద పడతారు. సాయంత్రానికి పలక నున్నగా మెరిసేది. రైలున్న చోటికి గంజ్ వచ్చింది, గంజ్ ఉన్న చోటికి నూనె మిల్లు, దలాలీ కొట్టు, హమాలీల గుడిసెలు వచ్చాయి. జడ్చర్ల స్టేషను పక్కన బాదేపల్లి అంత పెద్ద మార్కెట్ కావడం వెనక ఉన్నది ఇదే. నాగర్‌కర్నూలు రైతు తన పల్లీలు బండికెత్తి ఆ గంజ్ దాకా తోలుకుపోవాల్సి వచ్చింది. నాగర్‌కర్నూలు ఒకప్పుడు జిల్లా కేంద్రంగా ఉన్న ఊరు. 1880లలో ఆ హోదా పాలమూరుకు పోయింది, తర్వాత రైలూ అటే పోయింది. మళ్లీ జిల్లా కావడానికి 2016 దాకా ఆగింది.

అయితే లైను రెండో కొసన ఏం జరిగిందో కూడా చూడాలి. సికింద్రాబాదులో చిన్న లైను సరుకు పెద్ద లైనుకు మారాలి. పట్టాల వెడల్పు వేరు కాబట్టి వ్యాగన్ కదలదు. బస్తా బస్తా దింపి ఎక్కించాలి. ఆ పని నగరంలో వేల చేతులకు కూడు పెట్టింది. లాలాగూడలో 1893 నుంచే రైల్వే వర్క్‌షాప్ ఉంది. దాని చుట్టూ మెట్టుగూడ, చిలకలగూడ రైల్వే బస్తీలయ్యాయి. ఫిట్టర్, టర్నర్, బాయిలర్ పని నేర్చినవాళ్ల కొడుకులు మళ్లీ అదే షెడ్డులో చేరారు. నెల జీతం, క్వార్టరు, యూనియన్. అదే కంపెనీ, అదే ఇంజను. మా కొసన మిగిలింది గూడ్సు షెడ్డు, గ్యాంగు పని. మా నాయిన ఎండాకాలం మధ్యాహ్నాల్లో బీటర్‌తో స్లీపర్ల కింద కంకర దట్టించేవాడు. దూరం నుంచి ఇంజను కూత వినపడగానే పనిముట్లు పక్కకు లాగి, బండి పోయేదాకా నిలబడి, మళ్లీ వంగేవాడు.

ఇక ఆ లైను మోసిన అసలు సరుకు గురించి. పల్లీలు ఒక కాలానికే వస్తాయి, మనుషులు ఏడాదంతా. పాలమూరు లేబర్ అన్న మాట దేశంలో డ్యాములు, కాలువలు తవ్వే ప్రతి చోటా తెలుసు. నాగార్జునసాగర్‌కు 1955లో శంకుస్థాపన జరిగింది, ఆ తర్వాత శ్రీశైలం. రెండింటి మట్టి పనుల్లోనూ మావాళ్ల చేతులున్నాయి. గుంపు మేస్త్రీ పండక్కి ముందే అడ్వాన్స్ ఇచ్చి పోతాడు, పండగ కాగానే వస్తాడు. ప్లాట్‌ఫారం మీద ఒక్కో గుంపు కింద ఇరవై ముప్పై మంది. జొన్నల సంచి, గిన్నెల మూట, చాపలో చుట్టిన పార, చంకన పిల్ల. టికెట్లన్నీ మేస్త్రీ జేబులో. ఎక్కడికని అడిగితే చాలామందికి ఊరి పేరు తెలిసేది కాదు, "మేస్త్రీకి ఎరుక సారూ" అనేవాళ్లు. మక్తల్ వైపువాళ్లు కృష్ణా స్టేషనులో బొంబాయి బండి ఎక్కేవాళ్లు, మావాళ్లు కాచిగూడలో దిగి ఇళ్లు కట్టే పనుల్లో కలిసిపోయేవాళ్లు. దీపావళి దాటాక కురుమూర్తి జాతరకు ఎంత దూరాన ఉన్నా వచ్చేవాళ్లు. కురుమూర్తి స్టేషనులో ఆ రోజుల్లో బండి తలుపులు మూసుకునేవి కావు.

1990లలో చిన్న లైను పోయి పెద్ద లైను పడింది. బండ్ల వేగం పెరిగింది, బెంగళూరు దగ్గరైంది. కానీ అప్పటికే పల్లీలు, నూనె, మిరప లారీలకెక్కాయి. హైవే మీదున్న కొత్తకోట స్టేషనున్న మదనాపురాన్ని దాటిపోయింది. గద్వాల నుంచి రాయచూరుకు అరవై కిలోమీటర్లు. అక్కడికి బండి నడిచింది 2013 అక్టోబరులో. అంటే రాయచూరుకు రైలొచ్చిన 142 ఏళ్లకు. ఇప్పుడు గద్వాల జంక్షన్. నడిగడ్డవాళ్లు ఆసుపత్రికీ బజారుకూ ఎప్పుడూ పోయే పక్కూరు రాయచూరు.

గద్వాల నుంచి వనపర్తి, నాగర్‌కర్నూలు, అచ్చంపేట మీదుగా మాచర్లకు లైను కావాలని ఇక్కడివాళ్లు ఏళ్లుగా అడుగుతున్నారు. నేనూ అడిగేవాళ్లలో ఒకణ్ని. కాకపోతే ఒక షరతు పెడతాను. లైనుతో పాటు సరుకు నిల్వ చేసే గోదాములు, పల్లి, మిరప ఇక్కడే ఆడించి ప్యాక్ చేసే యూనిట్లు, పిల్లలకు పని నేర్పే ఒక రైల్వే షెడ్డు కూడా అడగాలి. లాలాగూడకు దక్కినదాంట్లో ఒక ముక్కైనా మా కొసకు దక్కాలి. అది లేకుండా లైనొక్కటే వస్తే, నాగర్‌కర్నూలు స్టేషను కౌంటరులో తెగే మొదటి టికెట్లు గుంపు మేస్త్రీ కొన్నవే అవుతాయి.