నేరశాస్త్రము విశ్వవిద్యాలయమునకు వచ్చిన విధము

నేరస్థుని పట్టుట పోలీసుల పని, శిక్షించుట న్యాయాధికారుల పని; ఇందులో విశ్వవిద్యాలయమునకేమి పని అని మనకు తోచవచ్చును. ఈ ప్రశ్నకు సమాధానము చూపినవారిలో ఆస్ట్రియా దేశీయుడగు హాన్స్ గ్రోస్ (1847–1915) ముఖ్యుడు. దర్యాప్తు జరుపు న్యాయాధికారిగా పనిచేసిన ఆయన, చట్టము చదివి వచ్చినవారికి నిబంధనలు తెలియును గాని, మట్టిలో పడిన అడుగుజాడను చెడకుండ ఎట్లు తీయవలెనో తెలియదని గ్రహించెను.

1893లో ఆయన దర్యాప్తు అధికారుల కొరకొక గ్రంథము ప్రకటించెను. అధికారి వెంట ఉండవలసిన సంచిని గూడ అందు వర్ణించెను. అడుగుజాడకు అచ్చు తీయుటకు ప్లాస్టర్ ఆఫ్ పారిస్, కొలుచు టేపు, దిక్సూచి, కొవ్వొత్తులు, బెదరిన పసిపిల్లలచేత మాటలాడించుటకు మిఠాయి – ఇవన్నియు అందుండవలెనట!

ఇట్టి శిక్షణ లేని పాండిత్యమెంత ప్రమాదకరమో మరుసటి సంవత్సరమే వెల్లడియైనది. ఫ్రాన్సులో దేశద్రోహముగ వ్రాసిన యొక ఉత్తరము దొరికెను. శరీరపు కొలతలతో నేరస్థులను గుర్తించుటలో పేరుపొందిన బెర్టియాన్, తన విద్య కాని దస్తూరి విషయమున అభిప్రాయమిచ్చి, అది సైనికాధికారి డ్రేఫస్ వ్రాతయే అనెను. ఆ నిర్దోషి డెవిల్స్ ఐలండ్‌లో నాలుగేండ్లకు పైగా మ్రగ్గెను. 1904లో పోంకారే మొదలగు గణితశాస్త్రజ్ఞులు పరిశీలించి, బెర్టియాన్ లెక్కలకు శాస్త్రీయమైన విలువ లేదని తేల్చిరి. 1906లో డ్రేఫస్ నిర్దోషియని న్యాయస్థానము ప్రకటించెను.

1909లో స్విట్జర్లాండునందలి లోజాన్ విశ్వవిద్యాలయమున, రసాయన శాస్త్రమును ఫోటోగ్రఫీని ఎరిగిన రైస్ ఈ విద్యకొక సంస్థను నెలకొల్పెను. 1912లో గ్రోస్ కూడ గ్రాజ్ విశ్వవిద్యాలయమున అట్టి సంస్థనే స్థాపించెను.

మన దేశమున ఈ విద్య పోలీసు శాఖలోనే మొలకెత్తినది. 1897లో కలకత్తాలో వ్రేలిముద్రల కార్యాలయము వెలసెను. అచ్చటి ఉద్యోగులగు అజీజుల్ హక్, హేమచంద్ర బోసు ముద్రలను వర్గీకరించు పద్ధతికి ఎంతయో తోడ్పడిరి. పేరు మాత్రము పై అధికారి హెన్రీకి దక్కెను. 1959లో సాగర్ విశ్వవిద్యాలయము ఈ శాస్త్రమునకు శాఖను తెరచినది. 2020లో గాంధీనగరమున జాతీయ ఫోరెన్సిక్ విజ్ఞాన విశ్వవిద్యాలయము ఏర్పడినది.

మనుజుడు నేరమేల చేయును, దానిని నివారించుటెట్లు అని విచారించునది నేరశాస్త్రము. నేరపు ఆనవాళ్లను పరీక్షించునది ఫోరెన్సిక్ శాస్త్రము. మొదటిది చదివినవారికి జైళ్లలోను, ప్రొబేషన్ శాఖలోను, బాలల సంరక్షణ సంస్థలలోను పని యుండును. రెండవదానికి హైదరాబాదునందలి కేంద్ర ప్రయోగశాల వంటివి కలవు. 2024 జూలై 1న అమలులోనికి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత, ఏడేండ్లు గాని అంతకు మించి గాని శిక్ష పడదగిన నేరములలో నిపుణుడు స్థలమునకు పోయి ఆధారములు సేకరింపవలెనని విధించి, ఈ ఏర్పాటుకు రాష్ట్రములకు అయిదేండ్ల గడువిచ్చినది. కనుక నిపుణుల అవసరము పెరుగుచున్నది.

ఈ విద్య నభ్యసింపగోరు విద్యార్థి ముందుగా తన కళాశాలలో ప్రయోగశాల యున్నదా, పొడి చల్లి ముద్ర తీయుట, అచ్చు పోయుట, ఆధారమునకు ముద్రవేసి భద్రపరచుట తన చేత చేయింతురా అని విచారింపవలెను. చేతితో చేసినవానికే ఆధారము ఎంతవరకు చెప్పునో, ఎచ్చట మూగవోవునో తెలియును. "ఇంతకు మించి చెప్పజాలను" అని న్యాయస్థానమున ధైర్యముగ పలుకగల నిపుణుడే మరియొక డ్రేఫస్‌ను కాపాడగలడు.